మూడో ఫ్యూజు

నేను ఏడో తరగతితో బడి మానేశాను. నేను మానేసినందుకు బడి బాధపడినట్టు ఇప్పటిదాకా ఎవరూ నాకు చెప్పలేదు. అలాంటివాణ్ని ముప్ఫై రెండేళ్లు యూనివర్సిటీలో ఉన్నాను. మా చుట్టాల్లో ఎవరైనా అడిగితే "యూనివర్సిటీల ఉంట" అని చెప్పి, ఏ సబ్జెక్టు అని వాళ్లు అడిగేలోపు మాట మార్చేవాణ్ని. నా సబ్జెక్టు కరెంటు స్తంభాలు. ఏ స్తంభం ఏ హాస్టలుకు పోతుంది, ఏ డబ్బాలో ఫ్యూజు వదులు, వానాకాలంలో ఏ చెట్టు కొమ్మ ఏ తీగ మీద పడుతుంది, ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. వైర్‌మన్‌గా చేరాను, వైర్‌మన్‌గానే దిగిపోయాను. పైకి పోవడమంటే నాకు తెలిసింది నిచ్చెన ఒక్కటే.

ఇప్పుడు లైను పనిలోకి వస్తున్న తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీకు ఐటీఐ సర్టిఫికెట్లున్నాయి, చేతికి గ్లౌజులిస్తున్నారు, నెత్తికి టోపీ ఇస్తున్నారు. పని నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒక పొద్దున నేను చేసిన పని ఒకటుంది. దాని తర్వాత నేను చెయ్యని పని ఇంకొకటుంది. ఆ రెండూ చెప్పాలి.

లైను పని ఇద్దరి పని. ఒకరు ఎక్కుతారు, ఒకరు కింద డబ్బా దగ్గర ఉంటారు. ఇరవై ఏళ్లు నాకు జోడీ ఒక్కడే. నాకంటే ఆరేళ్లు పెద్ద, నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి గోల్నాకలో ఇల్లు కట్టుకున్నాడు. ఆదివారం చర్చి తప్పడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ని, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. మనిషి నిదానం. అన్నం తింటుంటే ఒక్కో మెతుక్కి పేరు పెట్టి మరీ తింటున్నాడా అనిపించేది. ఆయన టిఫిను డబ్బా మూత తెరిచేలోపు నేను తినేసి నాది మూసేసేవాణ్ని. నోరు కూడా నాది అంతే వేగం. సెక్షన్‌లో ఇంజినీరు సారు నుంచి స్వీపరమ్మ దాకా అందరి నడక, అందరి గొంతు నా దగ్గర ఉండేవి. అడిగితే చాలు, దించేవాణ్ని. అడక్కపోయినా దించేవాణ్ని.

అన్నకు పని మీద రెండు పట్టింపులు. ఒకటి, తీసిన ఫ్యూజులు ఎక్కేవాడి జేబులోనే ఉండాలి. మూడు తీగలకు మూడు ఫ్యూజులు. నేను కింద తీసి ఇస్తే, ఆయన చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకుని ఎక్కేవాడు. ఫ్యూజు తన దగ్గరే ఉంటే దాన్ని కింద ఎవడూ పొరపాటున పెట్టలేడు కదా. పైకి పోయాక ఒక్కో తీగకూ టెస్టరు పెట్టి "లేదు" అని కేకేసేవాడు. మూడు తీగలు, మూడు లేదులు. తర్వాతే పట్కారు తీసేవాడు.

రెండో పట్టింపు నా నోటి మీద. "ఎక్కేముందు నోరు మూసుకో. దిగినంక ఎంతనన్న మొరుగు," అనేవాడు. ఇరవై ఏళ్లు అలాగే నడిచింది. ఆయన దిగుతాడు, ఫ్యూజులు నా చేతిలో పెడతాడు, నేను ఏదో ఒకటి అంటాను, ఆయన నవ్వుతాడు, ఆ నవ్వులోనే నేను ఫ్యూజులు డబ్బాలోకి నొక్కుతాను, హాస్టల్లో ఫ్యాన్లు తిరుగుతాయి. నవ్వు, ఫ్యూజు, ఫ్యాను. వేల సార్లు జరిగిన వరస అది. ఇది గుర్తుంచుకోండి, నేను మాత్రం అప్పుడు గుర్తించలేదు.

ఒకసారి పైనుంచి సర్క్యులరు వచ్చింది. సిబ్బందికి మనసు మీద ఒత్తిడి ఎక్కువైందట, అందరికీ మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ ఇస్తారట, నాలుగో తరగతి ఉద్యోగులూ తప్పకుండా రావాలట. క్లర్కు చదివి వినిపిస్తే మాకు అర్థమైంది ఒక్కటే, ఏసీ హాల్లో కూర్చోబెట్టి చాయ్ బిస్కెట్లిస్తారు. ఆ ఏసీని రెండుసార్లు బాగుచేసింది మేమే. దాని కింద కూర్చోవడం మాత్రం అదే మొదటిసారి.

శిక్షణ ఇచ్చింది ఒక మేడం. నూలు చీర, మెత్తని గొంతు. అందరి అరచేతిలో ఒక్కో కిస్మిస్ పెట్టించింది.

"దీన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూడండి," అంది.

నేను ఆగుతానా. "మేడం, మా ఇంట్ల ముగ్గురు పిల్లలు. నేను నిజంగనే మొదటిసారి చూస్తున్న."

హాలు నవ్వింది. మేడం కూడా నవ్వింది. "మంచిదే కదా. అయితే అందరికంటే మీకే తేలిక. బరువు ఎంతుందో చూడండి. ముడతలు చూడండి. వాసన చూడండి. చెవి దగ్గర పెట్టుకుని, వేళ్లతో నొక్కి, ఏమైనా చప్పుడు వస్తుందేమో వినండి. మళ్లీ అరచేతిలో పెట్టుకోండి. ఇప్పుడు నోట్లో వేసుకోండి. కొరకొద్దు."

"కొరకొద్దంటే మేడం, మింగాల్నా?"

మళ్లీ నవ్వు. ఆమె ఓపిక గొప్పది. ఆ తర్వాత ఒక మాట చెప్పింది. "తాళం వేసి బస్టాపు దాకా పోయాక, వేశానా లేదా అని అనుమానం వస్తుంది చూడండి. వేసింది మీ చెయ్యి. ఆ క్షణంలో మీరు అక్కడ లేరు. అక్కడ ఉండటం నేర్చుకోవడమే ఇదంతా."

"మా చేతులు ఏండ్లకేండ్ల సంది గట్లనే చేస్తున్నయి మేడం," అన్నాను లేచి నిలబడి. "మంచిగనే చేస్తున్నయి. మేం నడుమ దూరితేనే ఖరాబైతది."

ఆ రోజు నాకు దక్కినంత నవ్వు ఇంకెప్పుడూ దక్కలేదు. పక్కన అన్న మాత్రం కళ్లు మూసుకుని ఆ ఒక్క కిస్మిస్‌ను నములుతూనే ఉన్నాడు. బయటికొచ్చాక సైకిలు తాళం తీస్తూ అన్నాడు, "ఆమె చెప్పింది మంచిగనే ఉన్నది తమ్మీ. నువ్వే ఇననియ్యలే."

"నీకెందుకన్న ఇనుడు. నువ్వు పుట్టుకతోనే స్లో."

మర్నాడు పొద్దున లేడీస్ హాస్టలు వెనక బ్లాకు నుంచి ఫిర్యాదు వచ్చింది. ఒక వరసలో బల్బులు మినుకుమినుకుమంటున్నాయి. పోయి చూస్తే స్తంభం మీద జాయింటు మాడి ఉంది. చిన్న పని, అరగంట కూడా పట్టదు. స్తంభానికి ఛాతీ ఎత్తులో ఫ్యూజు డబ్బా. చుట్టుపక్కల ఎవరూ లేరు, పిల్లలంతా క్లాసులకు పోయారు. అన్న నిచ్చెన ఆనించి నడుముకు బెల్టు కట్టుకుంటున్నాడు. నేను రెండు ఫ్యూజులు తీసి ఇచ్చాను, జేబులో వేసుకున్నాడు. మూడోది తీశాను.

అది పాతది. తెల్ల పింగాణీ పసుపు తిరిగి, అంచు విరిగి ఉంది. అరచేతిలో పెట్టుకున్నాను. చూస్తుంటే కిస్మిస్ గుర్తొచ్చింది.

"దీన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూడండి," అన్నాను మేడం గొంతుతో. "బరువు చూడండి. ముడతలు చూడండి." ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాను.

అన్న నన్ను తిట్టాలి. ఎక్కేముందు నోరు మూసుకోమనాలి. నిన్నటి కిస్మిస్ ఆయనకూ ఇంకా నాలుక మీద ఉన్నట్టుంది. "ఏమంటున్నది?" అన్నాడు.

"ప్రమోషన్ ఎప్పుడు సార్ అంటున్నది."

అన్న నవ్వాడు. నిదానపు మనిషి నవ్వు కూడా నిదానమే, మొదలు కావడానికి టైము పడుతుంది, ఆగడానికి ఇంకా పడుతుంది. నవ్వుతూనే నిచ్చెనెక్కాడు. నిచ్చెన కదిలేంత నవ్వాడు. ఎక్కేముందు ఆయన్ని నవ్వించడం ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి.

ఆ నవ్వు విన్న నా చెయ్యి ఏం చేసిందో నాకు తెలియదు. ఎంత తవ్వినా ఆ ముక్క దొరకదు. నాకు తెలిసింది ముందుదీ వెనుకదీ. ముందు ఫ్యూజు నా చెవి దగ్గర ఉంది. వెనుక అది డబ్బాలో ఉంది. నడుమ ఎవరూ రాలేదు. నవ్వు వినపడింది, పని అయిపోయిందనుకుంది చెయ్యి. నొక్కేసింది.

పైనుంచి "లేదు" అన్న కేక ఒకటి వినబడింది. మొదటి తీగ. నిజంగానే లేదు, దాని ఫ్యూజు ఆయన జేబులో ఉంది. మిగిలిన రెండు కేకలు రాలేదు. మూడు ఫ్యూజులూ నేను తియ్యడం ఆయన కళ్లారా చూశాడు కదా. "ప్రమోషనంటనే," అని పైన తనలో తాను నవ్వుకోవడం విన్నాను. ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది.

తలెత్తితే అన్న కుడిచెయ్యి తీగకు అతుక్కుని ఉంది. నేను డబ్బా వైపు తిరిగాను. నా చూపు కంటే ముందు నా చెయ్యి పోయింది. లాగాను. పైన ఆయన బెల్టుకు వేలాడాడు.

ఎలా దించానో, ఛాతీ మీద ఎంతసేపు నొక్కానో చెప్పలేను. హాస్టలు వాచ్‌మన్ వచ్చాడు, వంటవాళ్లు వచ్చారు, అంబులెన్సు వచ్చింది. ఊపిరి ఉందన్నారు. నేను స్తంభం కింద కూలబడి ఉంటే ఇంజినీరు సారు స్కూటరు దిగి నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"ఫ్యూజులు తీశావా?"

"తీసిన సార్."

"మూడూ?"

"మూడు తీసిన సార్."

రెండు అన్న జేబులో దొరికాయి. మూడోది నా జేబులో ఉంది. లెక్క సరిపోయింది. సారు డబ్బా ఖాళీగా ఉండటం చూశాడు, తర్వాత స్తంభం పైకి చూశాడు. ఆ తీగల కిందుగా వీధి దీపాల తీగ ఒకటి పోతుంది. దాని ఫ్యూజు వేరే చోట ఉంటుంది. "దీన్ని ముట్టుకున్నట్టున్నాడు. టెస్ట్ చెయ్యకుండానే," అన్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు. ఆయనకు నేను చెప్పిన రెండు మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. తమ్ముళ్లూ, మనిషి మునిగిపోవడానికి అబద్ధమే ఆడనక్కర్లేదు. కాయితం తయారైంది. "పనివాని స్వీయ అజాగ్రత్త" అని రాశారు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి సంతకం పెట్టాను. ఏడో తరగతి దాకా చదివినందుకు పనికొచ్చింది.

అన్న బతికాడు. కుడిచెయ్యి మణికట్టు పైదాకా తీసేశారు. ఆస్పత్రిలో వదిన నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు గట్ల దించి ఛాతి మీద నొక్కకపోతే ఈయన లేకపోతుండె తమ్మీ. మా ఇంట్ల నీ పేరు మీద ప్రార్థన చేయని ఐతారం ఉండదిగ." ఏ చేతుల్ని పట్టుకుందో ఆమెకు తెలియదు.

అన్న కళ్లు తెరిచాక నన్నే అడిగాడు. "నాకేం యాదికొస్తలేదు తమ్మీ. హాస్టల్ గేటు కాడ సైకిల్ పెట్టినం. గంతదాంక యాదున్నది. అటెనక ఏం లేదు. నేనేం చేసిన?"

"ఇప్పుడెందుకన్న, పండుకో."

"టెస్టర్ పెట్టిన్నా?"

చెప్పడానికి అదే సమయం. గదిలో ఆయనా నేనే ఉన్నాం. నా నోరు తెరుచుకుంది, వచ్చింది మాత్రం వేరు. "నీకిగ మంచిగైంది. ఇంజినీర్ సారుకు నమస్తే పెట్టే బాధ తప్పింది," అన్నాను. కట్టు చెయ్యి ఊగేటట్టు నవ్వాడు. నొప్పికి కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆయన నవ్వగానే నాకు ప్రాణం కుదుటపడింది. నీచమైన మాట, నిజం మాట.

ఆ ఏడాది ఆగస్టు పదిహేనుకు నాకు శాలువా కప్పారు. సమయస్ఫూర్తితో తోటి ఉద్యోగి ప్రాణం కాపాడినందుకు. వేదిక మీద ఆ మేడం కూడా ఉంది. "నేను చెప్పిన ఎరుక ఇదే. ఆ క్షణంలో ఈయన అక్కడ ఉన్నారు," అంది మైకులో. నేను ముందు వరసలో కూర్చున్న అన్న వైపు చూడలేదు. ఆయన చప్పట్లు కొట్టలేడు కాబట్టి ఎడమచేత్తో తొడ మీద చరుస్తున్నాడు. ఆ చప్పుడు అన్ని చప్పట్లలో వేరుగా వినబడింది.

అన్నను తీసెయ్యకుండా సెక్షన్‌లోనే తాళంచేతుల గదిలో కూర్చోబెట్టారు. ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. మనిషి మారాడు. ఒక్కో తాళంచెవి మేకుకు తగిలించి, ముట్టుకుని, మళ్లీ ముట్టుకునేవాడు. గది తాళం వేసి పది అడుగులు పోయి వెనక్కొచ్చి లాగి చూసేవాడు. మూడుసార్లు. కొత్తగా చేరినవాళ్లు "పెద్దాయన ఎంత జాగ్రత్త" అనుకునేవారు. రెండేళ్లకు మేడం మళ్లీ శిక్షణకు వచ్చింది. ఈసారి అన్నను లేపి నిలబెట్టి, పని అంటే ఇలా మనసు పెట్టి చెయ్యాలని అందరికీ చూపించింది. మంచి మనిషి, కళ్లకు కనబడిందే చెప్పింది. ఆమె చూసింది ధ్యాస కాదు, భయం. రెండూ బయటికి ఒకేలా ఉంటాయి. తన చేతుల మీద నమ్మకం పోయినవాడు కూడా ప్రతి పనీ నిదానంగానే చేస్తాడు.

ఇద్దరం సాయంత్రాలు తార్నాకలో చాయ్ తాగేవాళ్లం. ఆయన గోల్నాక బస్సు ఎక్కాలి, నేను రామంతాపూర్ వైపు పోవాలి, నడుమ ఆ హోటలు. అప్పుడు మెట్రో పిల్లర్లు లేపుతున్నారు, దుమ్ము కప్పులో పడకుండా సాసరు మూత పెట్టుకునేవాళ్లం. ఒకనాడు అన్న సాసరు తియ్యలేదు.

"నువ్వు కింద ఉన్నవ్ గద తమ్మీ. ఒక్కటడుగుత, నిజం చెప్పు. నేను లేదు అన్నది నీకు ఇనవడ్డదా?"

"ఇనవడ్డది."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారి."

అది కూడా నిజమే. మిగతా నిజం గొంతు దాకా వచ్చింది. మూడోది నేనే నొక్కిన అన్నా. నాలుగు మాటలు. ఆయన తల వంచుకుని ఉన్నాడు.

"ఒక్కసారేనా," అన్నాడు. "అయితే నాదే. ఇన్ని దినాలు ఎక్కడనో నాకు అనుమానముండె, నాది కాదేమో అని. నాదే."

"అన్నా."

"నీ మీదికి రాలే, గంతే సాలు. నా తప్పుకు నీ నౌకరి పోతుండె."

నేను ఆయన చాయ్ మీది సాసరు తీశాను. "మూడుమూడుసార్లు చెప్పేటందుకు నువ్వేమన్న రైల్వే స్టేషన్ల మైకువా అన్నా," అన్నాను. ఆయన ఈసారి నవ్వలేదు. నా మనసు నొచ్చుకోకూడదని నవ్వినట్టు మొహం పెట్టాడు. ఇరవై ఏళ్లుగా నా హాస్యానికి అలవాటుపడ్డ మనిషి చేసే మర్యాద అది.

తర్వాత అవకాశాలు రాలేదని చెప్పను. రోజూ వచ్చాయి. రోజూ సాయంత్రం అయిదున్నరకు వచ్చి ఎదురుగా కూర్చుని చాయ్ తాగి పోయేవి. మొదటి నెలలో చెప్పి ఉంటే తప్పు ఒక్కటే. ఏడాదికి దాచిన తప్పు కూడా కలిసింది. అయిదేళ్లకు దాచిన తప్పే పెద్దదైంది, అసలుది దాని వెనక ఎక్కడో కనబడకుండా పోయింది. ఆ రోజుల్లో మేడం చెప్పినవి కూడా చేసి చూశాను. శ్వాస మీద ధ్యాస పెట్టమంది కదా, పెట్టాను. కళ్లు మూసుకుని పద్ధతిగా ఊపిరి పీలిస్తే నాలుగో ఊపిరికే స్తంభం దగ్గరికి పోయేవాణ్ని. ఇప్పుడీ క్షణంలో ఉండమంటారు. నా క్షణం అక్కడే ఉంది, నేనేం చెయ్యను.

అన్న నాకంటే ముందు రిటైరయ్యాడు. నేను ఆరేళ్ల తర్వాత రిటైరైనప్పుడు కొడుకును వెంటబెట్టుకుని సన్మానానికి వచ్చాడు. పోయిన చలికాలంలో గుండె ఆగి పోయాడు. సమాధి దగ్గర పిడికెడు మట్టి వెయ్యమంటే వేశాను. వేసి చెయ్యి దులుపుకున్నాను. అక్కడ కూడా ఎవరో నన్ను పక్కవాళ్లకు చూపించి, "ఆయన్ని బతికించింది ఈయనే," అని చెప్పారు.

నెల గడిచాక గోల్నాక పోయాను. పగలు పదకొండు గంటలు. వదిన ఒక్కతే ఉంది, గుమ్మంలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయ తుంచుతోంది. నన్ను చూసి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి, గ్లాసు కింద పెట్టి, మొదలుపెట్టాను.

చెప్పేటప్పుడు ఎలా చెప్పాలో నాకు తెలియదు. తెలిసింది ఒక్కటే పద్ధతి. కిస్మిస్ దగ్గరికి వచ్చేసరికి మేడం గొంతు దానంతట అదే వచ్చేసింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాను. ప్రమోషన్ మాట అన్నాను. వదిన నవ్వింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మొగుడు పోయాక బహుశా మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు మీదనే తర్వాతి మాట చెప్పాను.

ఆమె చెయ్యి చిక్కుడుకాయను సగం తుంచి ఆగింది.

"మళ్ల చెప్పు," అంది. "నవ్వియ్యకుండ చెప్పు."

మళ్లీ చెప్పాను. గొంతులు దించకుండా చెప్తే అది చాలా చిన్న సంగతి. రెండు నిమిషాల్లో అయిపోయింది.

వదిన మిగిలిన కాయలు తుంచింది. గిన్నె పక్కకు జరిపింది.

"నీతోని చాయ్ తాగి ఒక దినం వచ్చుడు వచ్చుడే మంచంల కూసున్నడు. నాదే తప్పు అన్నడు. గప్పటిసంది అన్నం నడుమకెళ్లి లేసి గ్యాస్ చూసొచ్చేటోడు. పండుకున్నోడు లేసి తలుపు చూసొచ్చేటోడు. పిల్లలను మీటర్ డబ్బా దిక్కు పోనియ్యకపోతుండె. మనుమరాలిని ఎత్తుకోలే. ఎందుకంటే, నా చెయ్యి నాకు నమ్మకం లేదు, పడేస్త అన్నడు. ఒంటిచెయ్యి కదా అని మేం అనుకున్నం."

నేను నేల చూస్తున్నాను.

"నీకు చెప్పుడు రాలేదా తమ్మీ?"

"రాలే వదిన."

"చెప్తే ఏమైతుండె? తిడుతుండె. నాలుగు దినాలు నీతోని మాట్లాడకపోతుండె. అయిదోనాడు తనే పిలుస్తుండె, నీ మొగం సూడకుంట ఉండలేడు గద. అన్నం తిని పండుకుంటుండె. గంతే గద."

గంతే. పన్నెండేళ్లు నేను పెద్ద కొండ అనుకున్నది ఆమె నాలుగు ముక్కల్లో చెప్పేసింది. నా ఉద్యోగం సంగతి ఆమె అననే లేదు.

"ప్రతి ఐతారం నీ పేరు మీద ప్రార్థన చేసినం," అంది. గొంతు పెంచలేదు. "పిల్లలతోని చేయించిన. ఇగ నేనేం చెయ్యాలె చెప్పు. అవ్వన్ని వాపస్ తీసుకోవాల్నా?"

జవాబు లేనప్పుడు వేసే జోకు ఈసారి దొరకలేదు. జీవితంలో అదొక్కసారి నోరు దానంతట అది మూసుకుని ఉంది. ఎప్పుడు ఉండాలో అప్పుడు ఉండలేదు.

లేచి చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చింది. క్షమించానని అనలేదు, అనదని నాకు తెలుసు. మళ్లీ రావద్దనీ అనలేదు. "ఇప్పుడెక్కుతున్నోళ్లున్నరు గద ఆడ," అంది. "ఆళ్లకు చెప్పు. కింద నిలవడెటోళ్లకు గూడ చెప్పు. నాకు మొదట చెప్పినట్టు గాదు. రెండోసారి చెప్పినట్టు చెప్పు."

రాశాను వదినా. రెండోసారి చెప్పినట్టే రాయాలని కూర్చున్నాను. ఎన్నిచోట్ల మొదటిసారిది దూరిందో చదివినవాళ్లకు తెలిసే ఉంటుంది.